వైర ధ్రువీకరణ పత్రం

మన రాష్ట్రంలో ఏ సినిమాకైనా రెండో భాగం తీసుకోవచ్చు. కాకపోతే మొదటి భాగం ఎందుకు ఆడిందో కనిపెట్టి, ఆ కారణాన్ని చెక్కుచెదరకుండా మళ్లీ ప్రభుత్వానికి చూపించాలి. అలా చూపించినవాళ్లకు పన్నులో రాయితీ ఉంటుంది, టికెట్టు ధర పెంచుకోవడానికి అనుమతి ఉంటుంది. దీన్ని సీక్వెల్ విధానం అంటారు. ప్రకటించిన రోజున మా పరిశ్రమ పెద్దలు మంత్రిగారికి శాలువాల మీద శాలువాలు కప్పి, ఆయన మొహం కనపడకుండా చేశారు. కొత్త కథలు దొరకని కరువు కాలంలో పాత కథను సాగదీసేవాడే అసలైన రైతు అని ఆయన శాలువాల లోపలినుంచే సెలవిచ్చారు.

ఆ విధానాన్ని అమలు చెయ్యడానికి ఉత్తరభాగ చలనచిత్ర కొనసాగింపు మండలి పుట్టింది. మండలి తరఫున మా సినిమాకు దఖలుపడిన అధికారి పేరు పరాంకుశం. నేను ఆ సినిమాకు ప్రొడక్షన్ మేనేజర్ని. భోజనాల దగ్గర్నుంచి బాధల దాకా సెట్టులో ఎవరికి ఏది తక్కువైనా నన్నే తిడతారు కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది.

మా మొదటి భాగం పేరు ‘గట్టు మీద గొడ్డలి’. పొలం గట్టు దగ్గర తగాదాపడి విడిపోయిన అన్నదమ్ములు చెరో గొడ్డలి పట్టుకుని రెండు మూడు ఊళ్లు తగలబెట్టి చెరో దిక్కుకు పోతారు. రెండో భాగంలో మరికొన్ని ఊళ్లు తగలబెట్టాక కౌగిలించుకుంటారు. మధ్యలో ఒక విలన్ కూడా ఉన్నాడు గానీ, పాపం, అతన్ని ఎవరూ పట్టించుకోరు.

పరాంకుశం గారు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చి, మా నిర్మాత వీరభద్రం గారి ఎదుట కూర్చుని కలం మూత తీశారు.

“ప్రథమ భాగము యొక్క విజయహేతువులు సెలవియ్యండి.”

“అంతా దేవుడి దయండి,” అన్నారు వీరభద్రం గారు చేతులు జోడించి.

“దైవానుగ్రహమునకు వేరే దరఖాస్తు కలదు. అది దేవాదాయ శాఖ ద్వారా రావలెను. ఇతర హేతువులు?”

వీరభద్రం గారు నావైపు చూశారు. నేను ఫైట్ మాస్టర్ బషీర్ వైపు చూశాను. ఆయన మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, అడిగితే నిజం చెప్పేస్తారు.

“ఇంటర్వెల్ ఫైట్ సార్. మిరప కళ్లంలో అన్నదమ్ములు కొట్టుకుంటారే, అది. జనం దానికోసమే మళ్లీ మళ్లీ వచ్చారు. ఆ డూపులిద్దరూ సొంత అన్నదమ్ములు సార్. అప్పుడు వాళ్లకి మాటల్లేవు. నిజంగానే కొట్టుకున్నారు. నేను కట్ చెప్పినా ఆగలేదు!”

పరాంకుశం గారు ఆ ముక్క రాసుకుని, దాని కింద గీత గీసుకున్నారు. 

డూపు అంటే తెలుసు కదా. దెబ్బ వాడిది, ముఖం హీరోది. మా పెద్ద హీరోకు డూపు అంకారావు, చిన్న హీరోకు డూపు అతని తమ్ముడు పోలరాజు. చిలకలూరిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లు. తల్లీదండ్రీ లేరు. అంకారావుకు పెళ్లయింది, పోలరాజుకు కాలేదు. అప్పట్లో వాళ్ల మధ్య తగాదా ఎందుకొచ్చిందంటే, ఒక ప్రమాదకరమైన దూకుడు పోలరాజుకు ఇవ్వొద్దని అంకారావు చాటుగా మాస్టర్‌ను బతిమాలాడు. తమ్ముడి ఎముకలు బాగుండాలని అన్న అనుకున్నాడు. తన నోటి దగ్గర కూడు లాగేశాడని తమ్ముడు అనుకున్నాడు. ఏడాదిపాటు ఒకే గదిలో మాటల్లేకుండా బతికారు. తరువాత ఆ మిరప కళ్లంలో ఒకళ్లనొకళ్లు తనివితీరా కొట్టుకుని, కట్ చెప్పాక మిరపకాయల కుప్ప మీద చతికిలబడి ఏడ్చారు. అది మిరప ఘాటు అని యూనిట్టంతా అనుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద ఇంటికి పోయారు.

అదండీ మండలి దృష్టిలో జరిగిన ఘోరం.

అన్నదమ్ములిద్దర్నీ మండలికి పిలిపించారు. వెంట నేనూ వెళ్లాను.

“మీ ఇరువురి నడుమ వైరము గలదా?” అని అడిగారు పరాంకుశం గారు.

“ఉండేదండి. పోయింది,” అన్నాడు అంకారావు.

“ఎక్కడికి పోయినది?”

“యాడికి పోద్దండీ? కూకోని ఏడిశాం, పోయింది.”

“ప్రభుత్వమునకు తెలియపరచకుండా ఎట్లు పోయినది?” పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “విజయహేతువును మీరు ఇంటివద్ద స్వంత పూచీపై ధ్వంసము చేసినారు. ఇది ప్రజాధనమునకు సంబంధించిన విషయము.”

పోలరాజుకు నవ్వు ఆగలేదు. “మళ్లీ కొట్టుకోమంటే కొట్టుకుంటాం గదా సారూ. మా పనే అది.”

“నటన చెల్లదు. మీరు నటులు కారు, డూపులు. వైరము ఉన్నట్లు పత్రము కావలెను. లేనిచో చింత లేదు. నిజముగా కోర్టులలో పోరాడుకొనుచున్న అన్నదమ్ములు అనేకులు దరఖాస్తు చేసుకొనియున్నారు. రాష్ట్రమున వారికి కొరత లేదు.”

పోలరాజు నవ్వు ఆగిపోయింది. ఈ సినిమా పోతే, వాళ్లిద్దరి బతుకుతెరువూ పోయినట్టే. అంకారావు తమ్ముడి వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

“సరేనండి. మాకు పడదు. రాసుకోండి.”

“నోటిమాట చాలదు. గృహ తనిఖీ జరుగును.”

తనిఖీ కోసం ఆ గది మధ్యలో పాత చీర ఒకటి అడ్డంగా కట్టారు. అటువైపు ఒక స్టవ్వు, ఇటువైపు ఒక స్టవ్వు. అంకారావు భార్య నాంచారమ్మకు ఈ నాటకం మహా సరదాగా ఉంది. మరిదిని తిట్టడానికి పక్కింటావిడ దగ్గర కొన్ని తిట్లు కూడా నేర్చుకుంది. పరాంకుశం గారు గుమ్మంలో అడుగుపెట్టగానే సత్తు గిన్నె ఒకటి చీర మీదుగా అటు విసిరింది. ఆయన గిన్నె ఎటునుంచి ఎటు పోయిందో రాసుకున్నారు.

అంతా బాగానే నడుస్తుండగా చీర అవతల పోలరాజు తుమ్మాడు.

“నూరేళ్లు!” అన్నాడు ఇవతలనుంచి అంకారావు, అలవాటు కొద్దీ.

పరాంకుశం గారి కలం ఆగింది. “శత్రువునకు ఆయురాశీర్వచనమా?”

అంకారావు ఒక్క క్షణం తడబడి, పళ్లు నూరాడు. “అంటే సారూ, ఆడు నా చేతిలోనే సావాల. అందాకా బతకాలిగదా!”

పరాంకుశం గారి మొహం విప్పారింది. “దీర్ఘకాలిక వైరము,” అంటూ మెచ్చుకోలుగా రాసుకున్నారు.

వారంలో పత్రం వచ్చింది. పైన ప్రభుత్వ ముద్ర, కింద ఆకుపచ్చ సంతకం. అంకారావుకు, అతని సోదరుడు పోలరాజుకు మధ్య సకుటుంబముగా వైరము గలదనియు, సదరు వైరము చిత్రము విడుదలగు వరకును, తదుపరి భాగములున్నచో అవి ముగియు వరకును చెల్లుబాటగుననియు ధ్రువీకరించడమైనది. అన్నదమ్ములు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం పక్కన తగిలించారు. చీర మాత్రం అదే రోజు విప్పేసి, నాంచారమ్మ ఉతికి ఆరేసింది.

ఆ తర్వాత షూటింగ్ మొదలైంది. సెట్టులో పరాంకుశం గారికి ఒక కుర్చీ, ఒక గొడుగు ఏర్పాటు చేశాను. అన్నదమ్ములకు వేర్వేరు వ్యాన్లు, వేర్వేరు భోజనాల బల్లలు పెట్టించాను. మాట్లాడుకోకూడదు కాబట్టి వాళ్లు ఈలలు వేసుకునేవాళ్లు. పొట్టి ఈల అంటే తిన్నావా అని. పొడుగు ఈల అంటే జాగ్రత్త అని. ఆ ఈలలు ఏమిటని పరాంకుశం గారు అడిగితే కవ్వింపు చర్యలండీ అని చెప్పాను.

కొన్నాళ్లకు క్లైమాక్స్ కౌగిలి షాటు వచ్చింది. నిజానికి హీరోలిద్దరూ చెయ్యాల్సింది. కానీ పోస్టరు మీద ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర హీరోలకు పేచీ వచ్చి, ఒకరు వచ్చిన రోజు మరొకరు రావడం మానేశారు. వాళ్ల వైరానికి ఎవరూ పత్రం అడగలేదు. అందుకని మా దర్శకుడు రిత్విక్ ఆ కౌగిలి డూపులతో తీద్దామన్నాడు. అన్న వీపు వెనకనుంచి ఒకసారి, తమ్ముడి వీపు వెనకనుంచి ఒకసారి.

“ముఖాలు భుజాల్లో దాచేసుకోండి. చెవి కూడా కనపడకూడదు!” అని అరిచాడు రిత్విక్.

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. “ఇది వైర నిబంధనకు విరుద్ధము.”

“కౌగిలించుకునేది వీళ్లు కాదు సార్. హీరోలు,” అన్నాడు రిత్విక్.

పరాంకుశం గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. “అటులైన సరే. ముఖము కనిపించనంతవరకు, రికార్డు ప్రకారము ఇచ్చట ఎవరును కౌగిలించుకొనలేదు.”

ఒక్క టేకులో ఓకే అయింది. సెట్టులో దగ్గరికి రాకుండా, మాట్లాడుకోకుండా అన్ని రోజులు ఉన్నారేమో, కట్ చెప్పాక కూడా వాళ్లు వదల్లేదు. నేనే వెళ్లి విడదీశాను. నా చేతికి ఇద్దరి చెమటా అంటింది.

అసలు ముప్పు సిమెంటు ఫ్యాక్టరీలో ముంచుకొచ్చింది. పోలరాజు ఎత్తయిన గొట్టం మీదనుంచి దూకాలి. నడుముకు తాడు ఉంటుంది. ఆ తాడు రెండో కొస ఎప్పుడూ అంకారావు చేతుల్లోనే ఉంటుంది. మా ఫైటర్లలో ఇదొక పద్ధతి. తన మనిషి పట్టుకుంటేనే తాడు కట్టుకుంటారు. మాట్లాడుకోని ఏడాదిలో కూడా పోలరాజు తాడు అంకారావే పట్టాడు. తిట్టుకుంటూ పట్టాడు.

అంకారావు తాడు చేతికి చుట్టుకుంటుంటే పరాంకుశం గారు పరుగున వచ్చారు.

“ఆగండి! ధ్రువీకృత శత్రువు చేతికి ప్రాణాధారమైన తాడు ఇచ్చుట భద్రతా నియమములకు విరుద్ధము. రేపు ఏదైన జరిగినచో మండలి బాధ్యత వహించవలసి వచ్చును.”

“సారూ, వాడు నా తమ్ముడు! ఎప్పుడు దూకుతాడో నాకే తెలుసు!” అన్నాడు అంకారావు.

“మీరు అతనిని స్వహస్తములతో చంపుదునని ఉద్ఘాటించినట్లు తనిఖీ నివేదికలో ఉన్నది.”

బషీర్ మాస్టర్ మొత్తుకున్నాడు. నేనూ మొత్తుకున్నాను. వీరభద్రం గారు రాయితీ పోతుందని నా భుజం నొక్కారు. నేను మొత్తుకోవడం మానేశాను. తాడు జిమ్ము నుంచి తెప్పించిన ఒక కండల వీరుడికి ఇచ్చారు. అంకారావును జనం రాకుండా కట్టిన తాళ్ల అవతలికి పంపించారు. గొట్టం మీదనుంచి పోలరాజు అన్న కోసం వెతుక్కున్నాడు. అంకారావు పొడుగు ఈల వేశాడు.

కండల వీరుడు గట్టిగానే పట్టుకున్నాడు. వదలాల్సినప్పుడు కూడా వదలకుండా పట్టుకున్నాడు. పోలరాజు గాల్లో గిర్రున తిరిగి గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. కాలు, రెండు చేతులు విరిగాయి.

ఆసుపత్రిలో డాక్టరు తొందరపెట్టాడు. కాలికి వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే కాలు మామూలుగా ఉండదు అన్నాడు. పోలరాజు ఇంజెక్షన్ మత్తులో ఉన్నాడు. దగ్గరి బంధువు సంతకం కావాలి.

“నేనే అన్నని. ఇటియ్యండి,” అన్నాడు అంకారావు.

కౌంటరు దగ్గరి ఉద్యోగి కంప్యూటరులో చూసి తల అడ్డంగా ఊపాడు. మండలి పత్రాలన్నీ ప్రభుత్వ కంప్యూటర్లకు కలిపారట. ఆ పని మాత్రం అద్భుతంగా జరిగింది.

“మీరు శత్రువు కేటగిరీలో ఉన్నారండి. మీ సంతకం సిస్టమ్ తీసుకోదు.”

“నేను చేస్తానయ్యా! నేను వాడి వదిన్ని!” అంది నాంచారమ్మ.

“మీరు కూడా అమ్మా. సకుటుంబంగా అని ఉంది.”

నాంచారమ్మ తిట్లు ఎత్తుకుంది. ఈసారి పక్కింటావిడ నేర్పినవి కావు, అన్నీ సొంతవే. సిస్టమ్ వాటినీ తీసుకోలేదు.

నేను ఫోను చేస్తే పరాంకుశం గారు పాపం వెంటనే వచ్చారు. ఆయన చెడ్డవాడు కాడు. నియమానికి అవతల ఒక ప్రపంచం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. సఖ్యత ధ్రువీకరణ పత్రం ఇస్తే వైర పత్రం రద్దవుతుందన్నారు. అందుకు ఉభయ పక్షాలూ అధికారి సమక్షంలో ఆలింగనం చేసుకోవాలన్నారు.

అంకారావు మంచం మీదికి వంగి తమ్ముణ్ని కావలించుకున్నాడు. పోలరాజు మత్తులోనే “అన్నాయ్” అని గొణిగాడు. రెండు చేతులూ కట్లలో బిగుసుకుని ఉన్నాయి.

పరాంకుశం గారు మంచం చుట్టూ తిరిగి చూసి రాసుకున్నారు. “ప్రథమ పక్షము ఆలింగనమునకు సిద్ధపడినది. ద్వితీయ పక్షము చేతులు చాపలేదు.”

“చేతులు విరిగినాయి సారూ!”

“కారణముల గడి ఇందులో లేదు.”

“కౌగిలించుకున్నాంగా! మీ ముందరే! సినిమాలో ఉంది, చూడండి!” అని నా చెయ్యి పట్టుకుని లాగాడు అంకారావు. నేను రిత్విక్‌కు ఫోను చేసి ఆ షాటు తెప్పించి ల్యాప్‌టాపులో చూపించాను. పరాంకుశం గారు రెండుసార్లు చూశారు. కళ్లు తుడుచుకున్నారు కూడా.

“హృదయవిదారకము. కాని ముఖములు లేవు,” అన్నారు.

ఇంతలో వార్త తెలిసి హీరోలిద్దరూ పరామర్శకు వచ్చారు. ఒకరు వస్తున్నారని తెలిసి రెండోవారు ఆగలేకపోయారు. వరండా నిండా కెమెరాలు. సంగతి విని పెద్ద హీరో కరిగిపోయారు. “మాకోసం వాళ్లు ఎన్నిసార్లు చేశారు! వాళ్లకోసం ఈ ఒక్క షాటూ మేం చెయ్యలేమా?” అన్నారు. ఇద్దరూ కెమెరాల ముందు గట్టిగా కౌగిలించుకున్నారు. ముఖాలు బ్రహ్మాండంగా కనిపించాయి.

పరాంకుశం గారు పరవశించి అక్కడికక్కడే సఖ్యత పత్రం రాసి ముద్ర కొట్టారు. ముఖములు ఎవరివో పేర్లూ వారివే రాశారు. హీరోలు దాన్ని ఎత్తిపట్టుకుని ఫోటో దిగి వెళ్లిపోయారు. వాళ్ల వైరం అధికారికంగా పోయింది. అంకారావుది అలాగే ఉంది.

ఆ వరండాలో అంకారావు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను డాక్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయనా విసిగిపోయి ఉన్నాడు. “సంతకం లేకుండా చెయ్యాలంటే పోలీసు కేసన్నా అయి ఉండాలయ్యా. అప్పుడు స్టేషన్ నుంచి కాగితం వస్తే చాలు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇది ప్రమాదం. నేనేం చెయ్యను?” అన్నాడు.

అంకారావు తలెత్తాడు. లేచి నాంచారమ్మతో ఏదో చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

“మేనేజర్ గారూ, బండి తీయండి. స్టేషన్‌కి పోదాం.”

“ఎందుకురా?”

“ఆ తాడు నేనే పాడుజేశా. వాణ్ని సంపుదామని.”

“నీకు మతిపోయిందా?”

“కాలు పోవటంకన్నా ఇది నయం గదా. తీయండి.”

తీశాను. దారిలో గది దగ్గర ఆపించి, దేవుడి పటం పక్కనున్న పత్రం తెచ్చుకున్నాడు. ఎస్సై మొదట నమ్మలేదు. సొంత తమ్ముణ్ని ఎందుకు చంపుతావని కసిరాడు. అంకారావు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టాడు. ప్రభుత్వ ముద్ర చూడగానే ఎస్సై నిటారుగా కూర్చున్నాడు. ఇంత పక్కా సాక్ష్యం ఆ స్టేషనుకు ఎన్నడూ రాలేదట. ఆసుపత్రికి కాగితం వెళ్లింది. ఆపరేషన్ జరిగింది. కాలు దక్కింది గానీ, ఆలస్యం అయినందువల్ల మోకాలు ఇక వంగదన్నారు. అన్నను జైలుకు పంపారు.

మెలకువ వచ్చాక పోలరాజు చెప్పని మనిషి లేడు. మా అన్న అట్టాంటోడు కాదని ఎస్సైకి చెప్పాడు, మండలికి చెప్పాడు, జడ్జిగారికి చెప్పాడు. వైరం చిత్రము విడుదలగు వరకు చెల్లుతుందని, తదుపరి భాగములుంటే అవి ముగిసేదాకా చెల్లుతుందని పత్రంలో స్పష్టంగా ఉందంటూ అందరూ తిరిగి అతనికే చూపించారు. మూడో భాగం ఉందని వీరభద్రం గారు అప్పటికే ప్రకటించారు. జైల్లో అన్నను చూడటానికి వెళ్తే శత్రువులకు ములాఖత్ ఇవ్వరని గేటు దగ్గరే ఆపేశారు.

సినిమా విడుదలైంది. వైరాన్ని ఇంత నిజాయితీగా కొనసాగించిన చిత్రం ఇంతవరకు రాలేదని మండలి మాకు జ్ఞాపిక ఇచ్చింది. వీరభద్రం గారు దాన్ని ఆఫీసులో ఏసీ కింద పెట్టించారు.

మొదటి రోజు మ్యాట్నీకి పోలరాజును, నాంచారమ్మను నేనే తీసుకెళ్లాను. వంగని కాలు ముందుకు చాపుకోవడానికి వీలుగా నడవా పక్క సీటు ఇప్పించాను. మాకు రెండు వరసల ముందు పరాంకుశం గారు సకుటుంబంగా కూర్చున్నారు. ఊళ్లు తగలబడ్డాయి. విలన్ ఎప్పుడో చచ్చాడు. చివరికి ఆ కౌగిలి వచ్చింది. తెర నిండా ఒక వీపు. ఆ వీపు మీద బిగుసుకున్న రెండు చేతులు. హాలంతా వెక్కిళ్లు. పరాంకుశం గారు కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

పోలరాజు చంకకర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. తెర వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఇంకా సరిగా లేవడం లేదు.

“అది మా అన్నాయ్ వీపు,” అన్నాడు. మొదట మెల్లగా అన్నాడు. తర్వాత హాలంతా వినపడేలా అరిచాడు. “అది మా అన్నాయ్ వీపండీ! దాని మీదుండయ్యి నా చేతులు!”

వెనక వరసలోంచి ఎవరో ఏడుపు గొంతుతోనే విసుక్కున్నారు.

“కూర్చోవయ్యా బాబూ, హీరో కనపడట్లేదు!”